గీతలకు డబ్బులా?

మొన్నటి మన తెలుగు సంఘం సమావేశంలో ఇల్లు కట్టుకోవడం మీద గంటసేపు చర్చ పెట్టారు. ఇళ్ల డిజైనర్‌గా పనిచేస్తున్న మన అమ్మాయి ఒకరు ఎంతో ఓపిగ్గా మాట్లాడారు. ప్రశ్నల వేళ వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "నాలుగు గీతలు గీసినందుకు అంత డబ్బు దేనికమ్మా? మనవాళ్లలో ఇంజనీర్లకు కొదవా?" అన్నారు. హాలంతా నవ్వింది, చప్పట్లు కూడా పడ్డాయి. ఆ అమ్మాయి ఏదో చెప్పబోతుంటే టైమైపోయిందన్నారు. కాగితాలు సర్దుకుని కూర్చున్నారావిడ. నేనూ నోరు విప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఎనిమిదేళ్ల కిందట అదే మాట నేనూ అన్నాను.

మా ఇంటి ప్లాన్ మా బంధువొకాయన గీశారు. వంతెనల ఇంజనీరు, తన పనిలో దిట్ట. ఎన్నో శనాదివారాలు మా కోసం కూర్చున్నారు, పైసా తీసుకోలేదు. ఇల్లు ఈరోజుకీ ఎక్కడా బీటలివ్వలేదు. కానీ ఆ ఇంట్లో ఎవరు ఎలా తిరుగుతారో ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

అమ్మ కోసం కింద ఒక పడకగది, దాన్ని ఆనుకుని స్నానాలగది. దాని తలుపు 24 అంగుళాలు. తెరిచాక రెక్క మందం పోను మనిషి నడవడానికి మిగిలేది 22 అంగుళాలే. రెండేళ్ల కిందట అమ్మకు తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి వాకర్‌తో ఇంటికొచ్చింది. అది ఆ తలుపులో పట్టలేదు. వాకర్ బయట వదిలేసి, ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని లోపలికి వెళ్లేది. ఒకరోజు పొద్దున్నే, "రాత్రిళ్లు నీళ్లు తాగడం మానేశాన్లే, మాటిమాటికీ నిన్ను లేపక్కర్లేదు" అంది. తలుపు వెడల్పు చేద్దామంటే ఆ గోడ నిండా నీళ్ల పైపులు, కరెంటు తీగలు.

చక్రాల కుర్చీ పట్టాలంటే తలుపు తెరిచాక 32 అంగుళాల ఖాళీ కావాలి. లోపల తిప్పుకోవాలంటే 60 అంగుళాల వ్యాసంలో ఖాళీ ఉండాలి. ఇళ్లు గీసేవాళ్లకు రోజూ చేతిలో ఉండే లెక్కలివి. ప్లాన్ కాగితం మీదున్నప్పుడు ఆ గీత జరపడానికి ఎంతసేపు పట్టేది?

"మనవాడే, చూసిపెడతాడు" అనే అలవాటును నేను తిట్టలేను. ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు విమానాశ్రయం నుంచి నన్ను తీసుకెళ్లి, తమ గదిలో పరుపు వేసి పడుకోబెట్టింది మనవాళ్లే. అయితే ఊరికే చేసిపెట్టినవాళ్లను "ఇది నచ్చలేదు, మళ్లీ గీయండి" అనడానికి నోరు రాదు. ఆ తలుపు ఇరుకేమోనని నాకు ప్లాన్‌లోనే అనిపించింది. అప్పటికే ఆయన రెండుసార్లు మార్చారు, మూడోసారి అడగలేకపోయాను. ఫీజు ఇచ్చి ఉంటే ఆ మొహమాటం ఉండేది కాదు.

డిజైనర్లందరూ ఒకేలా ఉండరన్నదీ నిజమే. ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలంటే చాలా దేశాల్లో లైసెన్సు తప్పనిసరి, డిజైనర్ అనే మాటకు చాలాచోట్ల ఆ అడ్డు లేదు. స్థలం చూడకుండానే బొమ్మలు చూపించేవాళ్లూ ఉంటారు. కాబట్టి వాళ్లు గీసిన ఇళ్లకు వెళ్లి, అక్కడ ఉంటున్నవాళ్లతో మాట్లాడండి. ఫీజు గంటల లెక్కైనా, ఒకే మొత్తమైనా, నిర్మాణ ఖర్చులో శాతమైనా, ఎన్నిసార్లు మారుస్తారు, కట్టేటప్పుడు సైటుకు వస్తారా, డ్రాయింగుల హక్కు ఎవరిది అన్నవి ఒప్పందంలో రాయించుకోండి. పునాది, దూలాల బలం లెక్కగట్టే స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు అందులో కలిసిందో లేదో అడగండి. పని తెలిసిన డిజైనర్ మొదటిరోజే పెన్సిల్ పట్టుకోరు. పొద్దున మీ ఇంట్లో ముందు ఎవరు లేస్తారు, ఎండ ఎటు పడుతుంది, పదేళ్ల తర్వాత మీతో ఎవరెవరు ఉంటారు అని అడుగుతూనే ఉంటారు. ఆ అమ్మాయి ఆరోజు చెప్పబోయింది ఇదేనేమో.

మన కార్యవర్గానికి నాదొక్కటే విన్నపం. వచ్చే సమావేశానికి ఆవిడను మళ్లీ పిలవండి, పూర్తిగా గంట ఇవ్వండి. నేను మా ఇంటి ప్లాన్ పట్టుకుని ముందు వరుసలో కూర్చుంటాను. సభ అయ్యాక, ఆవిడ అడిగినంత ఫీజు ఇచ్చి, అమ్మ స్నానాలగది తలుపు ఎటు జరపొచ్చో అడుగుతాను.