కూలర్ పెట్టి కిటికీలు మూస్తే చల్లదనం ఎట్లా వస్తుంది?

ఏప్రిల్ సగమైందంటే మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్, సిరొంచ వైపు ఇంటింటా ఇదే మాట. "కూలర్ కొత్తదే, టబ్బు నిండా నీళ్లున్నయి, అయినా ఒళ్లంతా జిడ్డు జిడ్డుగా ఉంటుంది, ఎందుకు?" చూస్తే తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉంటాయి. చల్లగాలి బయటికి పోతుందని భయం. అసలు తప్పంతా ఆ భయంలోనే ఉంది. గాలి బయటికి పోవాలి. పోతేనే కూలర్ పనిచేసేది. ఈ ఒక్క ముక్క అమ్మేటప్పుడు చెప్పరు. ఐసు వేసుకునే అర ఉందని మాత్రం గట్టిగా చెప్తారు. నాకు మండేది అక్కడే.

ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి, అందులోని వేడిని బయట పారేస్తుంది. అందుకే దానికి తలుపులు మూయాలి. కూలర్‌కి అట్లాంటి ఏర్పాటేమీ లేదు. మన రంజన్‌లో (నీళ్ల మట్టికుండలో) నీళ్లు చల్లబడే తీరే దానిదీ. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది (రంజన్‌కి బయట రంగేస్తే చల్లబడనిది కూడా ఇందుకే, రంధ్రాలు మూసుకుపోతాయి). కూలర్‌లో ఆ పని తడి గడ్డి చేస్తుంది. గాలిలో వేడి తగ్గుతుంది, దాని బదులు తేమ పెరుగుతుంది. ఆ తేమగాలికి బయటికి దారి లేకపోతే గదిలోనే నిలుస్తుంది, చెమట ఆరదు. అదే ఆ జిడ్డు. పైగా పోయే దారి లేనిచోట ఫ్యాను కొత్త గాలిని లోపలికి తోయలేదు.

లెక్క చూడండి. బయట 45 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం ఉందనుకుందాం. నీటిని ఆవిరి చేసి ఆ గాలిని దించగలిగేది దాదాపు 24 డిగ్రీల దాకా. మంచి గడ్డి ఉన్న కూలర్ ఆ 21 డిగ్రీల తేడాలో నాలుగింట మూడు వంతులకు పైగా దించుతుంది. అంటే ముఖానికి తగిలే గాలి 29 దగ్గర ఉంటుంది. ఇక కూలర్‌ని గది మధ్యలో పెట్టి తలుపేస్తే అది తడిపిన గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తుంది. గంట తిరిగేసరికి దించడానికి ఏమీ మిగలదు.

అందుకని కూలర్ వీపు బయటి గాలిలో ఉండాలి. కిటికీకి బయటి నుంచి బిగిస్తే మేలు. ఎదురుగోడకున్న కిటికీ ఒక రెక్క తీసి ఉంచండి. ఎంత తియ్యాలో తెలియాలంటే ఆ సందు దగ్గర పలుచని గుడ్డ వేలాడదీయండి. అది మెల్లగా బయటికి ఊగితే సరిపోయింది. లోపలి తలుపు దానంతటదే ధడాలున పడుతుంటే ఇంకొంచెం తియ్యాలి.

ఇక ఐసు. కిలో ఐసు కరిగి, ఆ నీళ్లు 24 డిగ్రీలకు చేరేదాకా గుంజే వేడి 430 కిలోజౌళ్ల చిల్లర. లీటరు నీరు ఆవిరైతే గుంజేది దాదాపు 2,400. అంటే ఐదు కిలోల ఐసు కలిపినా ఒక్క లీటరు ఆవిరికి సాటి రాదు. గంటకు 1,500 క్యూబిక్ మీటర్ల గాలి తోసే కూలర్ అట్లాంటి ఎండలో గంటకు పదకొండు లీటర్లు తాగుతుంది. ఐసుకి పెట్టే డబ్బు కొత్త గడ్డికి పెట్టండి. నీళ్లు దిగడం లేదంటే సంతోషించకండి, కూలర్ చల్లబరచడం లేదన్నమాట.

గడ్డిని దగ్గరికెళ్లి చూసేవాళ్లు తక్కువ. ఒక ఎండాకాలం గడిచేసరికి గడ్డి కిందికి జారి, పై అంచున రెండు వేళ్ల సందు పడుతుంది. వేడిగాలికి అదే రాజమార్గం, తడి గడ్డిలోంచి కష్టపడి రావడం దేనికి? పైన నీళ్లు పడే గొట్టం రంధ్రాల్లో ఒకటి రెండు పూడినా, వాటి కింద నిలువునా ఎండుచార కనిపిస్తుంది. పంపు ఆపి, ప్లగ్గు పీకి, రంధ్రాలను సన్న తీగతో పొడవండి. బోరునీళ్ల ఊళ్లలో గడ్డి మీద సున్నంలా తెల్లటి పెచ్చు కడుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు టబ్బులోనే ఉంటాయి. యాభై లీటర్ల టబ్బులో ఉన్నది పారబోయకుండా ఇంకో నూటయాభై లీటర్లు పోస్తూపోతే చివరికి ఉప్పు నాలుగింతలవుతుంది. మూడు నాలుగు రోజులకోసారి మొత్తం వంపేయండి. వంపినప్పుడు టబ్బు గోడల్ని బ్రష్షుతో గట్టిగా రుద్దండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుంటాయి, ఎండినా నెలల తరబడి చావవు.

కరెంటు విషయంలో మాత్రం బతిమాలి చెప్తున్నా. ఇనుప డబ్బా, లోపల నీళ్లు, నీళ్లలో మునిగిన పంపు, దాన్ని తడికాళ్లతో ముట్టుకునే పిల్లలు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే చాలదు, గోడలో ఎర్తు తీగ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు) పెట్టించండి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చు ఆపడమే కాదు, ప్లగ్గు పీకాలి.

జూన్‌లో వానలు పడ్డాక పంపు బందు చేసి ఫ్యాను ఒక్కటే తిప్పండి. 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నరోజు గాలి 30 కంటే దిగదు, ఆ కాస్త దిగేసరికే తేమ 90 శాతం దాటుతుంది. సముద్రానికి దగ్గరున్న ఒడిశాలోని బరంపురంలో మే నెలలోనే ఈ ఉక్కపోత ఉంటుంది. చంద్రపూర్‌లో బ్రహ్మాండంగా ఉందని బరంపురం చుట్టాలకు అదే కూలర్ కొనమనడం వాళ్ల డబ్బు నీళ్లలో పోయించడమే.

కొనేముందు పరీక్ష ఒకటుంది. గోడకు వేలాడదీసే గాజు థర్మామీటర్ తీసుకుని (జ్వరం చూసేది పనికిరాదు) మధ్యాహ్నం నీడలో డిగ్రీలు రాసుకోండి. దాని బుడ్డికి తడి నూలు గుడ్డ చుట్టి, ఫ్యాను ఎదురుగా ఐదు నిమిషాలుంచి మళ్లీ చూడండి. తేడా 10 దాటితే ధైర్యంగా కూలర్ కొనండి. 5 లోపే ఉంటే మంచి ఫ్యాను కొనుక్కోండి.