షెల్లీని సగమే చదివాం

1800 అక్టోబరు మొదట్లో డొరతీ వర్డ్స్‌వర్త్ తన డైరీలో ఒక ముసలాయన గురించి రాసుకుంది. ఇంగ్లండ్ ఉత్తరాన గ్రాస్‌మియర్ దగ్గర కవి అయిన అన్న విలియంతో కలిసి వస్తుంటే దారిలో ఎదురయ్యాడు. నడుం బాగా వంగిపోయి ఉంది. చెరువుల్లో జలగలు పట్టి అమ్మడం అతని పని. పదిమంది పిల్లలు పుడితే ఒక్కడే మిగిలాడు, వాడూ ఓడ పనికి వెళ్లి ఏళ్లు గడిచినా కబురు లేదు. జలగలు దొరకడమే తగ్గిపోయింది. ఒకప్పుడు వంద జలగలు రెండున్నర షిల్లింగులైతే ఇప్పుడు 30 అయ్యాయట. అడుక్కుని బతుకుతున్నాడు.

రెండేళ్లకు విలియం ఇదే మనిషి మీద కవిత రాశాడు. అందులో చెల్లెలు లేదు. ఒంటరి బీడులో దిగులు పడుతున్న కవి ఉన్నాడు. ముసలాయన్ని 'ఏం చేస్తుంటారు?' అని అడుగుతాడు. ఆయన చెబుతుండగానే కవి తన ఆలోచనల్లో పడి మాటలు సరిగా వినడు, మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. చనిపోయిన పిల్లల ఊసు లేదు, ధర లేదు. డైరీలో అడుక్కుంటున్న మనిషి కవితలో నిజాయితీగా పొట్టపోసుకుంటున్నాడు. చివరికి అతని ధైర్యం చూసి కవి దిగులు తీరుతుంది.

వర్డ్స్‌వర్త్, షెల్లీల తరం ఇంగ్లిషులో రాసిన కాల్పనిక (రొమాంటిక్) కవిత్వం గొప్పతనం, లోటు రెండూ ఇక్కడే ఉన్నాయని నాకనిపిస్తుంది. జలగలు పట్టే మనిషిని గంభీరమైన కవితకు నాయకుణ్ణి చేయడం చిన్న సంగతి కాదు. కాకపోతే ఆ మనిషి ముందుకు కవి గుండె వచ్చి నిలబడింది.

ఆ మనిషి కవిత్వంలోకి ఊరికే రాలేదు. 1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. రాజు, ప్రభువు, మతగురువు అనే వరుస దైవనిర్ణయం కాదనీ, మనుషులు దాన్ని కూల్చగలరనీ యూరప్ కళ్లారా చూసింది. వర్డ్స్‌వర్త్ యువకుడిగా 1791–92లో అక్కడే ఉన్నాడు. తర్వాత విప్లవం రక్తపాతంలోకి దిగింది, ఇంగ్లండ్ ఫ్రాన్సుతో యుద్ధానికి వెళ్లింది. ఇంటి దగ్గరేమో నూలు మిల్లులు లేస్తున్నాయి, ఉమ్మడి బీళ్లకు కంచెలు పడుతున్నాయి. ఆ నేపథ్యంలో 1798లో వర్డ్స్‌వర్త్, తోటి కవి కోల్‌రిడ్జ్ కలిసి 'లిరికల్ బ్యాలడ్స్' అనే కవితల పుస్తకం తెచ్చారు. 1800 కూర్పుకు రాసిన ముందుమాటలో వర్డ్స్‌వర్త్ పల్లె మనుషుల బతుకునీ, జనం నిజంగా మాట్లాడే భాషనీ కవిత్వానికి తీసుకుంటున్నానని ప్రకటించాడు. కవిత్వ భాష ఎవరిది అన్న గొడవ తెలుగువాళ్లకు కొత్త కాదు కదా. గురజాడ 'ముత్యాల సరాలు' 1910లో వచ్చినప్పుడు మన దగ్గరా రేగింది ఆ గొడవే.

ఈ కథలో పాఠ్యపుస్తకాలు చాలాకాలం పక్కన పెట్టిన పేరు జాన్ క్లేర్. నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్‌లో కూలి కుటుంబంలో 1793లో పుట్టాడు. 1809లో పార్లమెంటు చట్టం చేసి ఆ ఊరి భూములను కంచెలలోకి తెచ్చింది. పేదవాడి ఆవు మేసే బీడు, పుల్లలు ఏరుకునే తోపు, పిల్లలు తిరిగే కాలిబాట, అన్నీ ఎవరో ఒకరి సొంతమయ్యాయి. క్లేర్ ప్రకృతిని వర్ణించాడంటే పోయిన ఆస్తి లెక్క చెప్పినట్టే. ఏ పిట్ట ఏ పొదలో గూడు కడుతుందో, గుడ్డు మీద చుక్కలెలా ఉంటాయో అతనికి తెలుసు. 1820లో మొదటి పుస్తకం అచ్చయింది. అందులో ఊరిని పాడుచేసిన సంపదను శపించే పంక్తులు ఉన్నాయి. అవి ఒక ప్రభువుగారికి నచ్చలేదు, తర్వాతి ముద్రణల్లో తీసేశారు. పల్లెటూరి కవిగా మెచ్చుకున్న లండన్‌కు అతని అందం కావాలి, కోపం అక్కర్లేదు. క్లేర్ బతుకులో చివరి ఇరవై ఏళ్లకు పైగా పిచ్చాసుపత్రిలోనే గడిచింది. నాకు ఆ తరం మొత్తంలో మనసుకు అందరికంటే దగ్గరి కవి ఇతనే.

అదే తరం కవి బైరన్ 1812లో ప్రభువుల సభలో చేసిన మొదటి ప్రసంగమే మగ్గాలు విరగ్గొట్టిన నేతగాళ్లకు ఉరిశిక్ష వేసే బిల్లుకు వ్యతిరేకంగా. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అయినా కాల్పనికత అంటే వెన్నెల, వియోగం, ఏకాంతం అనే మాటే మనలో పాతుకుపోయింది. దానికి కొంత కారణం ఆ కవిత్వం మనకు చేరిన దారి. వలస పాలనలోని కాలేజీల్లో పిల్లలు చదివిన పుస్తకాల్లో పాల్‌గ్రేవ్ కూర్చిన 'గోల్డెన్ ట్రెజరీ' (1861) ముఖ్యమైనది. చిన్న గేయాలను ఏరి కూర్చిన సంకలనం అది. అందులో ఒక మనసు, ఒక అనుభూతి ఉంటాయి. కంచెలు, మిల్లులు ఉండవు. మన భావకవులు ఆ చదువులోంచి వచ్చారు. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం'తో ఆంధ్రా షెల్లీ అయ్యాడు. ఆయన దుఃఖం నిజమైనది, ఆ గొంతు తెలుగు పద్యానికి అంతకుముందు లేని మెత్తదనం తెచ్చింది. నేను దాన్ని తక్కువ చేయను.

శ్రీశ్రీ కూడా కుర్రతనంలో ఆ ప్రభావంలోంచే నడిచి వచ్చాడు. తర్వాత 'మహాప్రస్థానం'లో చేరిన 'భిక్షు వర్షీయసి' చూడండి. దారి పక్కన చెట్టు కింద ముసలి బిచ్చగత్తె, చుట్టూ ముసిరే ఈగలు. ఆ అవ్వ చనిపోతే పాపం ఎవరిదని గాలి అడుగుతుంది. కుక్క పలకదు. ఎంగిలాకు ఎగిరొచ్చి తన పాపం కాదంటుంది. కవితంతా వెతికినా 'నేను' కనిపించదు, ఆమెను చూసి ఓదార్పు పొందే కవి లేడు. దారిలో కనిపించిన మనిషిని కవిత మధ్యలోకి తేవడం వర్డ్స్‌వర్త్ మొదలుపెట్టిన పనే. శ్రీశ్రీ అందులోంచి తనను తప్పించుకున్నాడు.

కృష్ణశాస్త్రి బాధ ప్రపంచానికి బాధ, ప్రపంచపు బాధంతా శ్రీశ్రీ బాధ అని 'మహాప్రస్థానం'కు రాసిన ముందుమాట 'యోగ్యతాపత్రం'లో చలం అన్నమాట మనకు కంఠతా వచ్చు. ఆ మాటను పట్టుకునే భావకవిత్వం పోయి అభ్యుదయం వచ్చిందని, ఒకటి రెండోదానికి శత్రువని క్లాసుల్లో చెప్పేస్తుంటారు. షెల్లీ దగ్గర ఆ లెక్క కుదరదు. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్ సెయింట్ పీటర్స్ మైదానంలో ఓటు హక్కు కోసం చేరిన సుమారు 60 వేల మంది మీదికి గుర్రపు దళాన్ని ఉసిగొల్పారు. పది మందికి పైగా చనిపోయారు. దీన్నే పీటర్‌లూ ఊచకోత అంటారు. ఇటలీలో ఉన్న షెల్లీకి కబురు చేరగానే 'మాస్క్ ఆఫ్ అనార్కీ' రాశాడు. మీరు ఎందరో, వాళ్లు కొందరే అని జనంతో చెప్పే 91 చరణాల కవిత. అచ్చువేయడానికి భయపడి సంపాదకుడు పక్కన పెడితే, షెల్లీ చనిపోయిన పదేళ్లకు, 1832లో బయటికొచ్చింది. అదే శరదృతువులో, కొన్ని వారాల తేడాతో, బతుకు ముళ్ల మీద పడి నెత్తురోడుతున్నానని ఏడ్చే పడమటిగాలి గీతాన్నీ ఆయనే రాశాడు. రెండో కవిత 'గోల్డెన్ ట్రెజరీ'లోకి, అక్కణ్నుంచి మన కాలేజీల్లోకి వచ్చింది. మొదటిదాన్ని కూడా దాని పక్కనే పెట్టి బీఏ పిల్లలకు చెప్పొచ్చు. పీటర్‌లూ గురించి రెండు పేరాల పరిచయం ఇస్తే వాళ్లకు ఇంగ్లిషు అడ్డు రాదు, అంత తేలిక మాటల్లో ఉంటుంది అది.