జనవరిలో లాన్‌ని గుచ్చకండి

మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు సొంతిళ్లలో ఒక తంతు చూస్తుంటాను. ఇంటి ముందు లాన్ కాస్త ఎండుముఖం పట్టిందంటే చాలు, ముందు నీళ్లు పెంచుతారు. తర్వాత యూరియా చల్లుతారు. అప్పటికీ తేరుకోకపోతే టెంపో నిండా ఎర్రమట్టి తెప్పించి గడ్డి మీదే పరిచేస్తారు. ఇవన్నీ అయ్యాక కాంట్రాక్టర్ తీరిగ్గా తల గోక్కుని "ఈ గడ్డి పాతబడిపోయిందక్కా, పీకేసి కొత్త మెక్సికన్ గడ్డి వేద్దాం" అంటాడు. చదరపు అడుగుల లెక్కన బిల్లు. గడ్డి మారుతుంది, కింద నేల మాత్రం మారదు. కొన్నాళ్లకి మళ్లీ అదే పాట.

జబ్బు గడ్డిది కాదు మహాప్రభో, మట్టిది. దానికి మందు లాన్ నిండా చిల్లులు గుచ్చి మట్టికి గాలి ఆడనివ్వడం, ఇంగ్లీషులో ఏరేషన్ అంటారు. బెంగళూరు ఎర్రమట్టిని తడి మీద తొక్కితే అణిగిపోతుంది, ఎండితే అలికిన అరుగులా బిగుసుకుంటుంది. కొత్త లేఔట్లలో అయితే ఇంకా ఘోరం. సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, వాటి మీద జేసీబీ తిరిగి తిరిగి గట్టిపడిన నేల. దాని మీద నాలుగంగుళాల ఎర్రమట్టి పోసి గడ్డి అతికించి తాళాలు చేతికిస్తారు. వేరుకి నీళ్లతో పాటు గాలీ కావాలి. మట్టిలో సందులు మూసుకుపోతే వేరు కిందికి దిగదు, పైపైనే పాకుతుంది. అలాంటి గడ్డికి రోజూ నీళ్లు పట్టకపోతే గడవదు. పట్టినా ఇంకవు, గేటు కిందనుంచి రోడ్డెక్కుతాయి.

2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగునీటిని తోటలకీ కార్లు కడగడానికీ వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది గుర్తుందా? ఆ రోజుల్లోనూ మా వీధిలో టాంకర్ నీళ్లు లాన్‌కి పట్టి మోరీలోకి వదిలినవాళ్లున్నారు. వాన నీటిని పట్టుకోవాలని 2009 నుంచీ చట్టం ఉన్న ఊరిది. ఇంకుడు గుంతకి డబ్బు పెడతాం, పక్కనే ఉన్న లాన్‌లో చుక్క ఇంకుతోందా లేదా అని మాత్రం చూడం.

చూడటం పెద్ద పనేం కాదు. లాన్ తడిపిన మర్నాడు పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని గుచ్చండి. పిడి దాకా సులువుగా దిగితే మీ మట్టి బాగానే ఉంది, మిగతా పోస్టు చదవక్కర్లేదు. ఒంటి బరువంతా వేసినా రెండంగుళాల దగ్గర ఆగిపోయిందంటే చిల్లులు పెట్టాల్సిందే.

ఎప్పుడు? ఇక్కడే యూట్యూబ్ మనల్ని ముంచుతోంది. సెప్టెంబర్‌లో చేయండి, చలి ముందు చేయండి అని చెప్పే అమెరికా వీడియోలన్నీ కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ లాంటి చలిదేశపు గడ్డి కోసం. మన గరిక (బెర్ముడా అన్నా ఇదే), కొరియన్ గడ్డి వేడిలో, తడిలో ఎదిగేవి. చిల్లు త్వరగా పూడాలంటే గడ్డి జోరుగా పెరుగుతూ ఉండాలి. అంటే మే చివర నుంచి జూన్ దాకా. నాలుగు వానలు పడి నేల మెత్తబడి ఉంటుంది, ముందు వానాకాలమంతా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో చేసినా నష్టం లేదు, బురద లేని రోజు చూసుకుంటే చాలు. సంక్రాంతికి చుట్టాలొస్తారని జనవరిలో గుచ్చించేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. రాత్రుళ్లు చల్లగా ఉంటాయి, గడ్డి కదలదు, నేల పొడి. చిల్లులు నోళ్లు తెరుచుకుని అలాగే ఎండుతాయి, సందు చూసుకుని కలుపు దిగుతుంది.

ఇక మేకుల చెప్పులు. ఆన్‌లైన్‌లో అమ్ముతారు, కట్టుకుని లాన్ మీద నడవమంటారు. మేకు మట్టిని బయటికి తీయదు, పక్కలకి నొక్కుతుంది. బంకమట్టిలో అయితే చిల్లు గోడలు ఇంకా గట్టిపడతాయి. కావలసింది మట్టిని బయటికి లాగే బోలు గొట్టం. చిన్న లాన్‌కి అరంగుళం జీఐ పైపు ముక్క చాలు: వెల్డింగ్ షాపులో ఒక కొస పదును పెట్టించి, పైన అడ్డంగా పిడి వేయించండి. మూడంగుళాలు దించి, తిప్పి, లాగితే వేలంత మట్టి కడ్డీ వస్తుంది. లోపల ఇరుక్కుంటే సన్నటి కడ్డీతో తోసేయాలి. ఆ ముక్కని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైన అంగుళం మేర వేర్లు జడలా చిక్కుకుని ఉంటాయి, దాని కింద ఒక్క వేరు పోగు కూడా లేని నున్నటి ఎర్రమట్టి. ఏ కాంట్రాక్టర్ చెప్పని సంగతి అక్కడ కనిపిస్తుంది.

మూడేసి అంగుళాల ఎడంలో పెట్టుకుంటూ పోండి. నడుము పడిపోతుంది, ఆదివారానికి ఒక మూల చొప్పున చేసుకోండి. తీసిన ముక్కలు ఎత్తిపారేయొద్దు. ఎండనిచ్చి చీపురుతో చిదిపితే మళ్లీ లాన్‌లోనే కలిసిపోతాయి. పైన జల్లించిన వర్మీకంపోస్టు పల్చగా చల్లి చిల్లుల్లోకి ఊడ్చండి. ఎర్రమట్టి కప్పారో, పని మొత్తం మొదటికొస్తుంది. ఎం-శాండ్ (రాయి పిండి చేసిన కట్టుబడి ఇసుక) దుమ్మూ అంతే. కొన్నాళ్లు లాన్ అసహ్యంగానే ఉంటుంది, ఓర్చుకోవాలి.

మొదలెట్టే ముందు స్ప్రింక్లర్ పైపులు, గార్డెన్ లైట్ల వైర్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. ఏడాది నిండని కొత్త లాన్‌ని ముట్టుకోవద్దు. మన మట్టికి ఏడాదికోసారి చేస్తే సరిపోతుంది. మామిడి చెట్టు కింద గడ్డి పలచబడితే మాత్రం చిల్లులు పెట్టి లాభం లేదు, అక్కడ లేనిది ఎండ. ఆ మేరకి గడ్డి తీసేసి నీడలో బతికే మొక్కలేవైనా వేసుకోండి.