శుభ్రం చేసుకున్నాక

లోకంలో ఉన్న మోసాలన్నిటినీ ఒక్క ముక్కలో చెప్పమంటే ‘శుభ్రం చేసుకున్నాక’ అంటాను.

కారు చక్రాలకు ఇంట్లోనే రంగు వేసుకోవడం ఎలా అనే వీడియో మీరు చూసే ఉంటారు. చూడలేదంటే మీ బావమరిది ఇంకా పంపలేదన్నమాట. అందులో ఒక కుర్రాడు మసిబారి, అంచులు చెక్కుకుపోయిన అల్లాయ్ వీల్‌ని మన ముందుకు దొర్లించుకొచ్చి, ‘ఫ్రెండ్స్, ముందుగా దీన్ని నీట్‌గా శుభ్రం చేసుకున్నాక...’ అంటాడు. ఆ ‘నాక’ దగ్గర కెమెరా ఒక్కసారి రెప్ప వేస్తుంది. రెప్ప తెరిచేసరికి వీల్ అద్దంలా ఉంటుంది. కుర్రాడి చొక్కా మీద మరక ఉండదు, గోళ్లలో మట్టి ఉండదు. మొత్తం అర్ధగంట పని అని కింద రాసి ఉంటుంది.

ఆ రెప్పపాటులో నావి రెండు ఆదివారాలు పోయాయి.

‘అర్ధగంట పని బావా, దీనికి కూడా మనిషిని పెట్టుకుంటారా?’ అని మా బావమరిది నవ్విన నవ్వు వల్ల నేను ఇందులోకి దిగాను. దిగాక తెలిసింది, చక్రం మీద ఉన్నది మట్టి కాదని. బ్రేక్ వేసినప్పుడల్లా ప్యాడూ డిస్కూ రాసుకుని పొడి రాలుతుంది. అందులో ఇనుము ఉంటుంది. అది వేడివేడిగా వచ్చి రిమ్‌కి అతుక్కుని, తడి తగిలి తుప్పు పట్టి, ఏళ్ల తరబడి కాపురం చేస్తుంది. సబ్బునీళ్లంటే దానికి లెక్కలేదు. దానికోసం వేరే ద్రావకం ఉంది. దాన్ని చల్లగానే ఇనుముతో కలిసి చక్రమంతా ఊదారంగు నీళ్లు కారతాయి. చూడ్డానికి భలే ఉంటుంది, అందుకని వీడియోలో ఆ ముక్క మాత్రం ఉంటుంది.

లేనిది ఉప్పుకాగితం. చెక్కుకుపోయిన అంచుల్ని ముందు గరుకుదాంతో చదును చేసి, తర్వాత 320, ఆపైన 400, చివరికి 600 నంబరు కాగితం తడిపి రుద్దాలి. చదునైన చోట ఎవరైనా రుద్దుతారు. నా చక్రానికి ఐదు జంట ఊచలు. ప్రతి జంట మధ్యా చిటికెనవేలు మాత్రమే దూరే సందు. రెండో ఆదివారం గడిచి సోమవారం ఆఫీసుకి వెళితే, హాజరు వేసే వేలిముద్ర మిషను నన్ను గుర్తుపట్టనంది. బొటనవేలు పెట్టాను, చూపుడువేలు పెట్టాను. వెనక క్యూ పెరిగింది. పదేళ్ల సర్వీసు, 600 నంబరు కాగితం మీద అరిగిపోయింది.

ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. ఎందుకంటే టైరు నల్లగా మెరవడానికి మనం ఇన్నాళ్లూ మురిపెంగా పూసిన పాలిష్‌లో సిలికోన్ ఉంటుంది. అది ఒక్క చుక్క మిగిలినా, వేసిన రంగు అక్కడ నిలవకుండా చుట్టూ తప్పుకుని చిన్న చిన్న గుంటలు పడతాయి. నాకు పడ్డాయి. మళ్లీ 400 నుంచి మొదలు.

ఇక పేకముక్కల ఘట్టం. టైరుకి రంగు అంటకుండా టైరుకీ రిమ్‌కీ మధ్య ఉన్న సందులో పేకముక్కలు గుచ్చాలి. ఇది నిజంగా మంచి కిటుకు, ఎవరు కనిపెట్టారోగానీ వాళ్ల కాళ్లకి దండం పెట్టొచ్చు. నా 15 అంగుళాల చక్రానికి, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పెడితే 30 ముక్కల దాకా పట్టాయి. ఇస్పేటు రాజు దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా గుచ్చుకుంటూ వచ్చాను. 29వ ముక్క గుచ్చేసరికి మొదటి రాజు లేచి పక్కకి పడ్డాడు. ఆయన్ని నిలబెడితే కళావరు జాకీ కూలాడు. ఆయన్ని పట్టుకుంటే ఎదురుగా ఉన్న ఆఠీను కుటుంబం మొత్తం తిరుగుబాటు చేసింది. గాలి వీచింది. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, ‘పెద్దాట ఆడుతున్నట్టున్నారే’ అన్నాడు. ఆడటం లేదండీ, కారు చక్రానికి రంగు వేస్తున్నాను అన్నాను. ఆయన నన్ను చూశాడు, చక్రాన్ని చూశాడు, దాని చుట్టూ కిరీటంలా నిలబడ్డ రాజులనీ రాణుల్నీ చూశాడు. మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

స్ప్రే చేయడం గురించి పెద్దగా చెప్పను. డబ్బాలో గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఊపాలి, జానెడు దూరంలో పట్టుకోవాలి, పల్చటి పూతలు వేయాలి, పూతకీ పూతకీ మధ్య పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. మూడో పూతకి నాకు ఓపిక పోయింది, రంగు కారింది. ఆరుతుండగా ఒక దోమ వచ్చి వాలింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, రంగు మీద చివర్లో వేసే పారదర్శక పూత, అదే క్లియర్ కోట్ కింద, రెక్కలతో సహా.

ఇదంతా నా ఖర్మ, నవ్వుకోండి. అదే కుర్రాడు నట్లు కూర్చునే గుంటల్లోకి డబ్బా గురిపెట్టి, ‘ఎక్కడా గ్యాప్ లేకుండా కవర్ చేసుకోండి ఫ్రెండ్స్’ అన్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఒరేయ్ నాయనా, ఆ గుంట అందానికి పెట్టింది కాదు. నట్టు లోహాన్ని పట్టుకుని బిగుసుకోవాల్సిన చోటు అది. మధ్యలో నువ్వు దట్టంగా రంగు పూస్తే, నట్టు బిగిసేది రంగు మీద. నడుస్తున్న కొద్దీ ఆ రంగు నలిగి అరుగుతుంది, ఆ మేరకు నట్టు వదులవుతుంది. చక్రం కారుకి బిగిసే చోటు, అంటే హబ్‌కి ఆనుకునే వెనకవైపు కూడా అంతే. చక్రాన్ని కారుకి పట్టి ఉంచేది ఆ నాలుగైదు నట్లేరా! వాటికి టేపు వేయమని చెప్పడానికి ఐదు సెకన్లు పట్టదు. మాన్యువల్‌లో రాసినంత టార్కుకి, అంటే అంత బిగింపు బలానికి బిగించి, ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడమని చెప్పడానికి ఇంకో ఐదు సెకన్లు. ‘లైక్ కొట్టండి’ అని నాలుగుసార్లు చెప్పడానికి టైముంది.

రంగు ఆరేదాకా అతని కారు వట్టి జాకీ మీద నిలబడి ఉంటుంది. కింద స్టాండు లేదు. వెనకాల పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. రెండు భాగాలు కలిపి కొట్టే క్లియర్ కోట్‌కి ముక్కుకి చేతిరుమాలు కట్టుకున్నాడు. అందులో ఉండే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తుల్ని పట్టుకుంటే ఉబ్బసం తెప్పించగలవు. వాటికి చేతిరుమాలు ఒక అడ్డా?

వీటన్నిటికీ పైన, అసలు చక్రం తిప్పి కూడా చూడకుండా పగులు మీద పుట్టీ పెట్టి, రంగు కొట్టి, ‘కొత్తవాటిలా ఉన్నాయి సార్’ అని కారు అమ్మేసేవాళ్లు ఉన్నారు. ఆ పగులు మీద రేపు ఎవరి సంసారమో ప్రయాణం చేస్తుందని తెలిసే చేస్తారు. దీన్ని పొదుపు అనకండి, కళ అనకండి. వాళ్లకి తిట్టు వెతకడం కూడా దండగ.

మా బావమరిది నిన్న వచ్చి చూశాడు. ‘ఒక్కటే చేశారేం బావా, మిగతా మూడూ?’ అన్నాడు. చేస్తాలే అన్నాను. కూర్చుని రెండాటలు వేశాం, ఆ పేకతోనే. 30 ముక్కల వీపుల మీద వెండిరంగు, ఒక్కో ముక్క మీద ఒక్కో తీరుగా. మూడో చేతికల్లా నా దగ్గర ఇస్పేటు రాజు ఉన్నాడని నేను చూసుకునేలోపే అతను చెప్పేస్తున్నాడు.