సొంత బిడ్డకు చేసేది ‘సాయం’ ఎలా అవుతుంది?

తల్లి ప్రేమ పుట్టుకతో వచ్చేది, తండ్రిది నేర్చుకునేది అని ఒక వ్యాసకర్త రాసిన మాట నాకు మింగుడుపడలేదు. మొదటిసారి బిడ్డను ఎత్తుకున్నప్పుడు ఇద్దరికీ చేతులు వణుకుతాయి. రాత్రుళ్లు ఎవరు లేస్తే వాళ్లకే ఏ ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో తెలుస్తుంది. నాన్న డైపర్ మారిస్తే ‘ఎంత సాయం చేస్తాడో’ అంటారు, అమ్మ మారిస్తే ఎవరూ చూడనైనా చూడరు! స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. అయినా ఎక్కువగా తల్లులే వాడుకున్నారు. 1995లో ఒక నెలను నాన్న వాడుకోకపోతే పోయేలా కేటాయించాక, సెలవు తీసుకునే తండ్రులు బాగా పెరిగారు. రాత్రికి రాత్రి వాళ్లలో ప్రేమ పుట్టుకొచ్చిందంటారా? మారింది రూలు, అంతే.