ఘటోత్కచుడి పుర్రె, మా రాముడి పళ్ళు

పొద్దున్నే ఇంకా మొహం కూడా కడుక్కోలేదు, మా వంశం వాట్సాప్ గ్రూపులో బాబాయి బాంబు పేల్చారు. "ఘటోత్కచుడి అస్థిపంజరం దొరికింది! నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ళు తవ్వారు! బయటికి రానివ్వడం లేదు! పదిమందికి పంపండి!" పైన గుంటలో రాక్షసుడంత మనిషి అస్థిపంజరం ఫొటో, కింద వరసగా దణ్ణాలు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా పెద్దన్నయ్యదీ దణ్ణమే. అదీ రెండు.

ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఆ ఫొటో ఇరవై ఏళ్ళకు పైగా ఊరేగుతోంది బాబాయ్, 2002లో ఫొటోలు మార్చే పోటీకి ఎవరో సరదాగా చేసింది అని రాశాను. అసలు ఫొటో 2000లో న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్ అనే ఊళ్ళో తీసింది. ఒక ఇంటి పెరటి గుంటలో మాస్టోడాన్ ఎముకలు బయటపడితే తవ్వుతున్నారు. మాస్టోడాన్ అంటే ఏనుగుకి దాయాది, ఎప్పుడో వేల ఏళ్ళ కిందట అంతరించిపోయింది. అంటే మనవాళ్ళు దణ్ణం పెడుతున్న గుంటలో నిజంగానే ఒక మహాకాయం ఉంది. దాన్ని చెరిపేసి మనిషి బొమ్మ అతికించారు. ఉన్న వింత చాలదు మనకి!

ఈ వేషం కొత్తదీ కాదు. 1705లో, ఈ హైడ్ పార్క్ ఉన్న హడ్సన్ నది ఒడ్డునే, క్లావరాక్ దగ్గర, రెండు కేజీల పైచిలుకు పన్ను ఒకటి దొరికింది. దొరికినాయన దాన్ని ఒక గ్లాసు రమ్ముకి ఇచ్చేశాడట. కాటన్ మాథర్ అనే పెద్ద పాస్టరుగారు ఆ సంగతి విని, ఇది జలప్రళయంలో మునిగిపోయిన రాక్షసుడి పన్నే అని తేల్చేశారు. నిజానికి అదీ మాస్టోడాన్ పన్నే. ఆయనకి వాట్సాప్ లేదు పాపం, లండన్‌లో శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాసుకున్నాడు.

దానికి బాబాయి జవాబు చూడండి: "ఒక్క పన్ను చూసి ఏనుగో మనిషో చెప్పేస్తారా? అంతా వాళ్ళు అల్లిన కథ. నాలుగు ముక్కలు చదవగానే పెద్దవాళ్ళకి నేర్పుతావా."

ఎవరంటున్నారండీ ఈ మాట! సంతలో కోడె ముట్టె పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి, ఒక్క చూపులో "నాలుగు పళ్ళు, ఇంకా ఆరు పడలేదు" అని చెప్పే మనిషి. బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం అంటూ పళ్ళ లెక్కన జతలు దింపే మనిషి. ఎద్దు పన్ను నిజం చెబుతుంది గానీ ఏనుగు పన్ను మాత్రం కుట్ర!

ఏనుగుకైతే జన్మకి ఆరు విడతల దవడపళ్ళు. వెనక నుంచి కొత్తది తోసుకొస్తుంటే ముందున్నది అరిగి ఊడిపోతుంది. పన్ను ఎన్నో విడతదో, ఎంత అరిగిందో చూస్తే వయసు దొరుకుతుంది. తిండీ దొరుకుతుంది. ఏనుగుకి ఇంకో అంతరించిన దాయాది మామత్ ఉంది, గడ్డి నమిలేది. దాని పన్ను మీద తిరగలికి గంట్లు కొట్టినట్టు సన్నని గీతలు. కొమ్మా ఆకూ నమిలే మాస్టోడాన్‌కి గుబ్బలు. ఆ గుబ్బలు చూసే క్యూవియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మాస్టోడాన్ అని పేరు పెట్టాడు, అర్థం గ్రూపులో రాస్తే పిన్ని తిడుతుంది. ఈ క్యూవియే 1796లో పారిస్‌లో దవడలూ పళ్ళూ పక్కపక్కన పెట్టి, మామత్ మన ఏనుగూ కాదు, ఆఫ్రికా ఏనుగూ కాదు, పోయిన జాతి అన్నాడు. పుర్రె సంగతి సరే సరి. ఏనుగు పుర్రె ఎదురుగా చూస్తే నడిమధ్య పెద్ద బొక్క ఉంటుంది. అది ఒంటికన్ను రాక్షసుడి కన్ను కాదు, తొండం మొదలు.

ఇంతెందుకు, వికారాబాద్ దగ్గర నాస్కల్‌లో మట్టిని నీళ్ళలో జల్లెడ పట్టి, నువ్వుగింజ కంటే చిన్న పళ్ళు ఏరారు. డైనోసార్ల కాలం చివర్లో బతికిన చిట్టి జంతువువి. 1988లో డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. మనవాళ్ళు వికారాబాద్ వెళ్ళేది రిసార్టులో బిర్యానీ తినడానికి.

అసలు పళ్ళ గురించి బాబాయి నోరు తెరవకూడదు. నాన్న పోయిన ఏడాది అమ్మ ఎడ్లు అమ్మేద్దామంది. ఈయన వచ్చి మా రాముడి పెదవి లాగి చూసి, "నోరంతా అరిగిపోయింది వదినా, ముసలిది, సంతలో ఎవడూ కొనడు, నేనే ఉంచుకుంటాలే" అన్నారు. సగం ధర. అదీ మూడు వాయిదాలు. ఆ వచ్చిన సంక్రాంతికి అదే రాముడు ఆరు పళ్ళ విభాగంలో బండ లాగాడు. ఆరు పళ్ళ విభాగంలో! ముసలిదైతే ఎనిమిదీ పడి అరిగి ఉండాలి కదా, రెండు పళ్ళు వెనక్కి పోయాయా? గెలిచిన ఫ్యాన్ ఇప్పటికీ వాళ్ళ హాల్లోనే తిరుగుతోంది.

ఇదంతా గ్రూపులో పెట్టేశాను. అవును, పెట్టేశాను. నలభై ఇద్దరు చూశారు, ఒక్క దణ్ణం లేదు. బాబాయి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పది నిమిషాలకి అమ్మ ఫోన్.

"ఇప్పుడెందుకురా అది. ఆరే ఉన్నాయి. ఆ రోజు నేనూ చూశాను."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, స్టవ్ మీద పాలున్నాయని పెట్టేసింది.