దారి గీసే ముందు వాగును అడగండి

వరంగల్–ఖమ్మం–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ (పాత రోడ్డును వాడకుండా కొత్త భూమి మీద వేసే) రహదారి పనులు సాగుతున్నాయి. హైదరాబాద్ చుట్టూ రీజినల్ రింగ్ రోడ్డు, అమరావతి చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు వరసలో ఉన్నాయి. వాటికి తోడు ప్రతి జిల్లా కేంద్రమూ పక్కనున్న నగరానికి నాలుగు వరసల దారి కావాలంటోంది. ఈ దారులు కావాలా వద్దా అన్న వాదనలోకి వెళ్లడం లేదు. కావాలి. అయితే నగరానికీ పక్క పట్టణానికీ మధ్య కొత్త లింకు అనగానే మన దగ్గర చర్చంతా రెండు అంకెల చుట్టే తిరుగుతుంది: ఎన్ని నిమిషాలు ఆదా, ఎకరాకు ఎంత పరిహారం. దారి బతుకు తేల్చే ప్రశ్న వేరే ఉంది. వానాకాలంలో దారి కోసం పోసే మట్టికట్టకు ఎగువనున్న నీళ్లు కిందికి ఎక్కణ్నుంచి పోతాయి? అలైన్‌మెంట్ (దారి ఏ గీత వెంట పోవాలన్నది) ఖరారయ్యేనాటికి ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి. మన దగ్గర ఆ ప్రశ్న అలైన్‌మెంట్ ఖరారయ్యాకే మొదలవుతుంది.

ఐతవరం చూడండి. నందిగామ దగ్గర హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీదికి 2023 జులైలో మున్నేరు వరద ఎక్కి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న అదే చోట మళ్లీ ఆగిపోయాయి. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య అన్నిటికన్నా రద్దీ ఉన్న దారి ఇది. అదే వానలకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు కట్ట కింది మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటింది. విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. వీటిలో ఒక్కో దానికి ఒక్కో కారణముంది, అన్నిటినీ రోడ్ల మీదికి నెట్టడం తప్పు. కానీ ఖమ్మం నుంచి విజయవాడ వరకూ ఉన్న నేల ఎలాంటిదో ఆ వానల్లో అందరికీ తెలిసొచ్చింది. ఆకేరు, మున్నేరు, వైరా, కట్టలేరు, బుడమేరు, వీటిలో కలిసే లెక్కలేనన్ని పిల్లవాగులు. వాటికి అడ్డంగా గీత గీసి దాని మీద మట్టి పోయడమే ఇక్కడ రహదారి కట్టడమంటే.

ఎంత మట్టో ఒకసారి లెక్క వేద్దాం. నాలుగు వరసల గ్రీన్‌ఫీల్డ్ దారికి 60 మీటర్ల వెడల్పున భూమి తీసుకుంటే కిలోమీటరుకు 6 హెక్టార్లు, అంటే దాదాపు 15 ఎకరాలు. పైన 26 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, పక్కవాలు ఒకటికి రెండు (మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వెడల్పు) అనుకుంటే కిలోమీటరుకు 96 వేల ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. చిన్న చెరువు కట్ట ఏదీ దీని దరిదాపుల్లోకి రాదు. చెరువు కట్టకు అలుగు ఉంటుంది, తూము ఉంటుంది, చూసుకునే నీరటికాడు ఉంటాడు. ఈ కట్టకు ఉండేవి కల్వర్టులే. అవి ఎన్ని, ఎక్కడ, ఎంత వెడల్పు అన్నదే దారి పక్క ఊళ్ల తలరాత.

పాత రోడ్లకు ఈ బెడద ఇంతగా లేదు. తారు రోడ్డు పొలానికి అడుగో రెండడుగులో ఎత్తులో పోయేది. వాగు దగ్గర దిగి, చప్టా మీదుగా అవతలికి ఎక్కేది. పెద్ద వాన పడితే చప్టా మీద మూడు నాలుగు గంటలు నీళ్లు పారేవి, బస్సు అటూ ఇటూ ఆగేది. ప్రయాణికుడికి అది తలనొప్పి, పైనున్న పొలానికి మాత్రం అదే రక్ష. కొత్త దారి వంద కిలోమీటర్ల వేగానికి కడతారు కాబట్టి దిగడాలు ఎక్కడాలు కుదరవు, ఎత్తు ఒకే తీరుగా సాగాలి. ఎత్తు పెంచడం తప్పు కాదు. తారు కింది మట్టి పొర, అంటే సబ్‌గ్రేడ్, వరద మట్టానికి పైనే ఉండాలి, లేకపోతే తడిసిన మట్టి మీద తారు ఏడాది తిరక్కుండానే గుంతలు పడుతుంది. అయితే రోడ్డెక్కి పోయే అవకాశాన్ని నీటికి మూసేసినప్పుడు ఆ మేరకు కింద దారి తెరవాలి. తెరిచే దగ్గరే పొదుపు మొదలవుతుంది.

ఆ పొదుపు ఎలా దూరుతుందో దగ్గరగా చూడాలి. మన తూర్పు తీరం వాగులకు గరిష్ఠ వరదను లెక్కించడానికి ఇప్పటికీ వాడే వాటిలో ఒకటి రైవ్స్ సూత్రం. పరీవాహక ప్రాంతాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాన్ని మూడింట రెండు ఘాతానికి తెచ్చి, ఒక గుణకంతో హెచ్చిస్తారు. తీరానికి 80 కిలోమీటర్ల లోపలైతే గుణకం 6.8. ఆపైన 8.5. కొండలకు దగ్గరగా ఉన్న పరిమిత ప్రాంతాలకు 10.2. ఇప్పుడు 25 చదరపు కిలోమీటర్ల వాగు ఒకటి తీసుకోండి. మొదటి గుణకంతో సెకనుకు 58 ఘనపు మీటర్ల వరద వస్తుంది, రెండోదానితో 73, మూడోదానితో 87. కల్వర్టు గుండా నీరు సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో పోనిద్దామనుకుంటే కావాల్సిన వెంట్‌వే, అంటే నీరు పోయే ఖాళీ, వరసగా 23, 29, 35 చదరపు మీటర్లు. మూడు మీటర్ల చదరపు కాంక్రీటు బాక్సులైతే మొదటి లెక్కకు మూడు గదులు సరిపోతాయి, మిగతా రెండిటికీ నాలుగు కావాలి. వాగు అదే, వాన అదే. మారింది కాగితం మీద గుణకం. విజయవాడ తీరానికి 80 కిలోమీటర్ల లోపల ఉంది, ఖమ్మం అవతల ఉంది. ఈ రెంటినీ కలిపే ఏ దారైనా ఆ గీతను దాటే పోవాలి. గీతకు ఇవతల పడిన వాగుకు ఒక గది తగ్గిపోతుంది. మైలవరం కొండల మీద పడే వానకు ఆ గీతతో పనేముంది?

దీనికన్నా లోతైన చిక్కు, ఒకదాని అలుగు నీరు మరోదానిలోకి పోయే గొలుసుకట్టు చెరువులది. పైనున్న పరీవాహకంలో కొంత భాగాన్ని చెరువులు ఆపుకుంటాయి కాబట్టి, ఆ మేరకు వరదను తగ్గించి లెక్కించడం మదరాసు రోజుల నుంచి వస్తున్న పద్ధతి. చెరువుల కట్టలు గట్టిగా ఉండి, అలుగులు సరిగ్గా పారుతున్నంతకాలం ఆ లెక్క నిలుస్తుంది. పూడిక నిండి, అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి, అలుగు వాగులో వెంచర్లు వేసిన గొలుసులో పైచెరువు తెగితే కింది చెరువులు వరసగా తెగుతాయి. అప్పుడు రోడ్డు దగ్గరికొచ్చే నీటికి ఏ సూత్రమూ వర్తించదు. తీసేసిన మొత్తం తిరిగి కలవడమే కాదు, చెరువులో నిలవున్న నీరంతా దానికి తోడవుతుంది. అందుకే ఈ నేల మీద రహదారి కల్వర్టు డిజైన్ ఆ కల్వర్టు దగ్గర మొదలు కాకూడదు. పైనున్న ఆఖరి చెరువు అలుగు పొడవు దగ్గర మొదలవాలి.

పెద్ద వాగుల మీద వంతెనలకూ ఇదే తంతు. ఒండ్రు నేలలో పారే వాగుకు ఎంత వెడల్పు వదలాలో లేసీ సూత్రం చెబుతుంది: వరద వర్గమూలానికి 4.8 రెట్లు. సెకనుకు 400 ఘనపు మీటర్లు పారే వాగుకు 96 మీటర్లు. స్పాన్లు తగ్గించి 60 మీటర్లకు కుదిస్తే ఎగువన నీటి మట్టం లేస్తుంది, వంతెన కింద వేగం పెరుగుతుంది, పియర్ల (వంతెన స్తంభాల) దగ్గర కోత లోతుకు దిగుతుంది. పునాదిని లోతుగా వేస్తారు కాబట్టి వంతెన సాధారణంగా నిలబడుతుంది. అబట్‌మెంటు (వంతెన చివరి గోడ) వెనక మట్టితో కట్టిన అప్రోచ్ రోడ్డు తెగుతుంది. ప్రతి పెద్ద వరద తర్వాతా వంతెన చెక్కుచెదరకుండా నిలిచి, అటూ ఇటూ రోడ్డు లేని ఫొటోలు మనకు కనబడేది ఇందుకే. దాన్ని ప్రకృతి వైపరీత్యం కింద రాసేస్తున్నారు. నిజానికి అది 36 మీటర్ల పొదుపు ఫలితం.

అండర్‌పాస్‌ల గురించి రెండు మాటలు చెప్పి పోతాను. ఊరి దారులకు ఇచ్చే చిన్న అండర్‌పాస్ 7 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. గడ్డి ఎత్తుగా పేర్చిన ట్రాక్టరు అందులో దూరదు. అది చాలదన్నట్టు కట్ట ఎత్తు తగ్గించుకోవడానికి అండర్‌పాస్ నేలను చుట్టుపక్కల పొలం కన్నా కిందికి తవ్వుతారు. నీరు బయటికి పోయే వాలు ఉండదు, మోటారు పెడితే కరెంటు ఉండదు. నాలుగు నెలలు అది బావి. చుట్టూ తిరగలేని రైతు రోడ్డు మధ్యలో డివైడర్ పగలగొట్టి దాటుతాడు. ఆ సందులోనే ప్రమాదాలు జరుగుతాయి. నేల మట్టానికి ఒక అడుగు పైనే అండర్‌పాస్ నేల ఉండాలని, దాని కోసం కట్ట ఎత్తు మీటరు పెరిగినా సరేనని టెండరు షరతుల్లో రాయడం కష్టమేమీ కాదు.

ఇంత చూసుకుంటూ కూర్చుంటే ఖర్చు పెరుగుతుంది, దారి ఆలస్యమవుతుంది, ఆలస్యమైన ప్రతి ఏడూ పాత ఇరుకు రోడ్ల మీద ప్రాణాలు పోతాయని ఇంజనీర్లు అంటారు. చివరి మాట నిజం, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అలైన్‌మెంట్ దశలో ఒక వానాకాలం ఆగి నేలను చూడటం వేరు, మట్టి పోశాక ఊళ్లు ధర్నాకు దిగితే పని ఆపుకోవడం వేరు. రెండో ఆలస్యం ఎప్పుడూ పెద్దదే. ఖర్చు మాటకొస్తే, బాక్సుకు నాలుగో గదిని కట్టేటప్పుడే కట్టడానికీ, ట్రాఫిక్ నడుస్తున్న దారిని సగం సగం తవ్వి తర్వాత కట్టడానికీ పోలికే లేదు.

మరి చేయాల్సిందేమిటి? మొదట, సర్వే ఎండాకాలంలో చేయడం మానాలి. లేజర్‌తో కొలిచే లైడార్ నేల ఎత్తును అంగుళాల్లో చెబుతుంది, నీటి అలవాటును చెప్పదు. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య అలైన్‌మెంట్ పొడవునా నడిచి, స్కూలు గోడల మీద, గుడి మెట్ల మీద, పాత వంతెన పియర్ల మీద ఉన్న వరద మరకలను లెవెల్ వేసి రాసుకోవాలి. లక్ష్మీదేవి గుడి మెట్టెక్కిన నీళ్లు ఏ సంవత్సరంవో ఊళ్లో అరవై దాటిన ఎవరైనా చెబుతారు. తర్వాత గ్రామ నక్షా మీద చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు) గీతలు, అలుగు వాగులు, పిల్లకాలువలు వేసి, ఆ పటం మీద మూడు అలైన్‌మెంట్లు గీయాలి. సర్వే ఆఫ్ ఇండియా 50 వేల స్కేలు పటం డెల్టా అంచున ఎందుకూ పనికిరాదు, అక్కడ పొలానికీ పొలానికీ తేడా జానెడు. మూడు గీతల్లో ఏది తక్కువ అలుగు వాగులను, లంబకోణంలో దాటుతుందో చూడాలి. ఐమూలగా దాటే కల్వర్టు పొడవు పెరుగుతుంది, లోపల మేట వేస్తుంది. గుర్రపుడెక్క, తుమ్మకంప, ప్లాస్టిక్ వచ్చి అడ్డం పడే చోట హ్యూమ్ (గుండ్రటి కాంక్రీటు) పైపులు అసలు వద్దు, మనిషి నడిచి శుభ్రం చేయగల బాక్సు పెట్టాలి. పని మొదలయ్యాక కట్టకు ముందు కల్వర్టులు పూర్తవ్వాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు: పొడి నెలల్లో బిల్లు తొందరగా వచ్చే మట్టి పని లాగించేసి, వాగు దగ్గర రెండు తాత్కాలిక పైపులు పెట్టి వదిలేస్తారు. మొదటి వాన ఆ పైపుల మీదే పడుతుంది.

ఇదంతా ఊళ్లో వాళ్లకు తెలుసు. జాతీయ రహదారికి భూమి తీసుకునే చట్టంలో వాళ్లను అడిగే ఏర్పాటే లేదు, అసలు బాధ ఇక్కడుంది. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది, గ్రామసభతో సంప్రదింపు ఉంది. జాతీయ రహదారుల చట్టం కింద సేకరిస్తే ఆ భాగం వర్తించదు, పరిహారం లెక్క మాత్రం వర్తిస్తుంది. 1956 నాటి ఆ రహదారుల చట్టంలోని సెక్షన్ 3ఏ కింద, భూమి తీసుకుంటామని చెప్పే నోటిఫికేషన్ రెండు స్థానిక పత్రికల్లో వస్తుంది, ఒకటి ప్రాంతీయ భాషలో. అందులో ఉండేవి సర్వే నంబర్లు, విస్తీర్ణాలు. అభ్యంతరాలకు 3సి కింద 21 రోజులు. 3డి ప్రకటన వస్తే భూమి కేంద్రానిది. తన సర్వే నంబరు పక్కన కల్వర్టు ఉందా, ఉంటే ఎంత వెడల్పు అన్నది ఆ 21 రోజుల్లో రైతుకు ఎవరూ చెప్పరు. అభ్యంతరం దేని మీద పెట్టాలి?

పర్యావరణ అనుమతి దారిలో ఇంకో అవకాశం ఉంది. కొత్త జాతీయ రహదారికి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు ప్రకటించి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. సారాంశం మాత్రమే. వాగుల పట్టిక, వరద లెక్కలు, కల్వర్టుల జాబితా వందల పేజీల ఇంగ్లిష్ నివేదికలో ఉండిపోతాయి. షామియానా కింద మైకు పట్టుకున్న రైతు పరిహారం గురించే మాట్లాడతాడు, ఎందుకంటే అతనికి అర్థమయ్యేలా చెప్పింది అదొక్కటే. తర్వాత అధికారులు, జనానికి డబ్బు తప్ప వేరే పట్టింపు లేదని రాసుకుంటారు. తెలుగులో పాలన గురించి రెండు రాష్ట్రాల్లోనూ దశాబ్దాలుగా మాట్లాడుతున్నాం. జీవోల మీద తెలుగు ఉండటం కన్నా, తన పొలం మునుగుతుందో లేదో తేల్చే పట్టిక తెలుగులో ఉండటం ఒక రైతుకు వెయ్యి రెట్లు అవసరం.

కేంద్ర చట్టం మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. అలైన్‌మెంట్ మీద రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం చెబుతుంది, భూసేకరణ నడిపేది రాష్ట్ర రెవెన్యూ అధికారులే, చెరువుల రికార్డులు రాష్ట్ర నీటిపారుదల శాఖ దగ్గరే ఉన్నాయి. 3ఏ వెలువడక ముందే ప్రతి పంచాయతీకి ఒక కాగితం అంటించమని కలెక్టరు ఆదేశించవచ్చు. అందులో ఆ ఊరి పరిధిలో దారి ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు పోతుంది, ఏ వాగును ఎక్కడ దాటుతుంది, పైనున్న చెరువు ఏది, లెక్కించిన వరద ఎంత, ఏ గుణకం వాడారు, ఎన్ని గదుల బాక్సు, అండర్‌పాస్ నేల మట్టం ఎంత అన్నవి ఉండాలి. తప్పుంటే నీటి సంఘం రాతపూర్వకంగా చెప్పడానికి గడువు ఆగస్టు మొదటి వారం నుంచి అక్టోబరు నెలాఖరు దాకా ఇవ్వాలి. ఆ మూడు నెలల్లో పడే వానే ఆ కాగితంలోని ప్రతి అంకెనూ సరిచూస్తుంది.